హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు బ్యాండ్ షో చూడ్డానికి పోతున్నారా? రాత్రి తిరిగి రావడం ముందు ఆలోచించండి

టికెట్ బుక్ చేసే ముందే దోస్తులంతా కూర్చొని ఒక్క విషయం తేల్చుకోండి. షో అయిపోయాక ఆ రాత్రి ఎక్కడుంటారు, ఎట్లా వస్తారు? హన్మకొండ నుంచైనా కాజీపేట నుంచైనా హైదరాబాద్‌కు పోవడం కష్టం కాదు, పొద్దున్నించి బస్సులున్నాయి, రైళ్లున్నాయి. కష్టమంతా రాత్రి పదింటికి గచ్చిబౌలిలో మొదలవుతుంది, వేల మంది ఒకేసారి గేటు బయటికి వచ్చి ఒకేసారి ఫోన్లు తీసి క్యాబ్ కోసం వెతుకుతుంటే. మేం ఐదుగురం కొన్నేళ్లుగా ఇట్లా పోయి వస్తున్నాం, తిరుగు ప్రయాణం ముందే అనుకున్న ప్రతిసారీ షో హాయిగా చూశాం, అనుకోని రెండుసార్లు మాత్రం చివరి అరగంట పాటల మీద కాకుండా గడియారం మీదే కళ్లు పెట్టుకున్నాం.

మేం ఎక్కువగా పోయేది అగం బ్యాండ్ కోసం. బెంగళూరు వాళ్లు, 2003లో మొదలుపెట్టారు, కర్ణాటక సంగీతాన్ని రాక్‌లో కలిపి వాయిస్తారు. హరీశ్ శివరామకృష్ణన్ పాడతారు, వయొలిన్ కూడా ఆయనదే. త్యాగరాజ స్వామి కృతి ‘మనవ్యాలకించరాదటే’ని వాళ్లు డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లతో ఎత్తుకుంటే, అది మన తెలుగే కదా, పల్లవి మన నోటికి దానంతట అదే వచ్చేస్తుంది. ఫోన్‌లో వందసార్లు విన్న పాటే, కానీ డ్రమ్ దెబ్బ ఛాతీలో తగలడం ఫోన్‌లో ఉండదు. దానికోసం 140 కిలోమీటర్లు పోవచ్చు. మీ బ్యాండ్ వేరే అయి ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

మొదట షో ఏ రోజో చూసుకోండి. శనివారం షో అయితే కళ్లు మూసుకొని తీసుకోండి. ఆదివారం షో అయితే సోమవారం కాలేజీ, డ్యూటీ ఉన్నవాళ్లు ఎవరో అడిగి, వాళ్లు సరే అన్నాకే డబ్బులు కట్టండి, ఎందుకంటే చివర్లో ఒకరు రానంటే ఆ టికెట్ అమ్మడానికి మీరు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

తర్వాత షో ఎక్కడో చూడండి. హైదరాబాద్‌లో షో అని ఉంటుంది గానీ శిల్పకళా వేదిక వేరు, శంషాబాద్ వేరు. శిల్పకళా వేదిక అయితే మనకు అదృష్టం, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ పక్కనే ఉంటుంది. గచ్చిబౌలి స్టేడియం అయితే రాయదుర్గం స్టేషన్‌లో దిగి ఇంకో నాలుగైదు కిలోమీటర్లు ఆటోలో పోవాలి. శంషాబాద్ వైపు పెట్టే పెద్ద షోలకు మెట్రో లేదు, అటు పోతే రాత్రి సిటీలోనే ఉండిపోండి, అదే రాత్రి వరంగల్ చేరాలని చూడొద్దు.

మెట్రో మీద ఎందుకంత నమ్మకమంటే, మన వరంగల్ బస్సులు ఉప్పల్ మీదుగానే పోతాయి. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైను, మధ్యలో మారే పని లేదు, గంట పడుతుంది. సాయంత్రం పూట అదే దూరం రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో చెప్పలేం. కరీంనగర్, జగిత్యాల నుంచి వచ్చే దోస్తులుంటే వాళ్లు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో దిగుతారు, పక్కనే మెట్రో ఉంది, పరేడ్ గ్రౌండ్‌లో మన లైనే కలుస్తుంది, అక్కడే కలుద్దామని ముందే చెప్పండి. మెట్రో చివరి రైలు రాత్రి 11 ప్రాంతంలో. ఆ రోజుకు టైమ్ ఎంతో పొద్దున్నే యాప్‌లో ఒకసారి చూసుకోండి.

బయటి గ్రౌండ్‌లో షో అయితే ఎప్పుడు అయిపోతుందో కొంచెం అంచనా వేయొచ్చు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బయట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా 12 గంటల దాకా అనుమతి ఇవ్వొచ్చు. అందుకే చాలా షోలు పదికి కాస్త అటూ ఇటూగా ముగుస్తాయి. గేటు దాటడానికి అరగంట, ఆటోకు పావుగంట, అప్పటికి పదిముప్పావు. చివరి మెట్రో దొరకాలంటే ఎంత ఇరుకో లెక్క మీకే అర్థమవుతుంది. మా పద్ధతి ఏమిటంటే, గేటు ముందు క్యాబ్ బుక్ చేయం. ఒక కిలోమీటరు నడిచి పెద్ద రోడ్డు ఎక్కి అక్కడ చూస్తాం. రేటు తగ్గుతుంది, డ్రైవర్ కూడా మనల్ని వెతుక్కుంటూ తిరగడు.

పోయేటప్పుడు బస్సా రైలా అనేది మీ గుంపును బట్టి. అమ్మాయిలు ఉంటే ఎక్స్‌ప్రెస్ బస్సు చూడండి, 2023 డిసెంబరు నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు జీరో టికెట్, ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు. సూపర్ లగ్జరీ, రాజధానిలో అది నడవదు. రైలైతే కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, జనరల్ టికెట్ ఫోన్‌లోనే తీసుకోవచ్చు, కానీ తీసుకున్న మూడు గంటల్లోపు ప్రయాణం మొదలుపెట్టాలి, కాబట్టి ముందు రోజు రాత్రే కొనేస్తే పని కాదు. ఇంకొకటి, సికింద్రాబాద్ స్టేషన్ పనుల వల్ల చాలా రైళ్లను చర్లపల్లికి మార్చారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. స్టేషన్ బాగుంది గానీ అక్కడ మెట్రో లేదు, గచ్చిబౌలి నుంచి ఊరికి ఆ చివర. తిరుగు రైలు ఏ స్టేషన్ నుంచో టికెట్ మీద రెండుసార్లు చదవండి.

దారిలో తినడానికి ఇంటి నుంచే తెచ్చుకోండి. మా వాళ్లలో ఒకరి అమ్మ ప్రతిసారీ పులిహోర కట్టి ఇస్తుంది, విస్తరాకులో చుట్టి పైన పేపర్, దాని మీద దారం. జనగామ వచ్చేసరికి ఆ దారం విప్పుతాం, ఆకు వేడికి కమిలి పులిహోరకు ఒక వాసన వస్తుంది, పక్క సీట్లో వాళ్లకు కూడా ఒక ముద్ద పెట్టాల్సిందే. లోపల షోలో తిండి ధరలు చూస్తే ఆకలి చచ్చిపోతుంది, అందుకే నాలుగింటికల్లా కడుపు నిండా తిని పోవడం మంచిది.

ఇప్పుడు టికెట్ల సంగతి. అందరి టికెట్లూ ఒకే ఫోన్‌లో పెట్టొద్దు. ఒకసారి మా ఐదుగురివీ ఒకరి ఫోన్‌లోనే ఉన్నాయి, గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ ఫోన్ ఆఫ్. బయట పాన్ డబ్బా దగ్గర చార్జింగ్ పెట్టుకొని నిలబడ్డాం, లోపల మొదటి పాట మొదలైంది, గోడ అవతల వయొలిన్ వినబడుతుంటే మాలో ఒకరికి నిజంగా కళ్లలో నీళ్లొచ్చాయి. అప్పటినుంచి ఎవరి టికెట్ వాళ్ల ఫోన్‌కు ముందే పంపించుకుంటాం. జనం ఎక్కువైతే సిగ్నల్ పోతుంది, కాబట్టి టికెట్ క్యూలోకి రాకముందే తెరిచి పెట్టుకోండి. పేమెంట్లు కూడా ఆగిపోతాయి, మనిషికి ఐదు వందలు నోట్లుగా జేబులో ఉండాలి. బ్యాగులు, నీళ్ల బాటిళ్లు, కొన్నిచోట్ల పవర్ బ్యాంకులు కూడా లోపలికి రానివ్వరు, టికెట్ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఓపికగా చదవండి. లోపల విడిపోతే ఎక్కడ కలవాలో ఒక గుర్తు పెట్టుకోండి, ఫలానా గేటు ఎడమ పక్క స్తంభం అన్నట్టు.

చెవుల గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాత్రం ప్రతి ఒక్కరికీ చెప్తాను. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చంటారు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ టైమ్ సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. రాక్ షోలో స్పీకర్ల ముందు 100 దాటడం మామూలే, మనం నిలబడేదేమో రెండు గంటలు. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, ఖరీదు కూడా కాదు. పెట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. వేళ్ల మధ్య వత్తిలాగా సన్నగా నలపండి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి పెట్టండి, అది ఉబ్బి సర్దుకునే దాకా అరనిమిషం వేలితో అదిమి పట్టుకోండి. పాట వినబడదేమో అని భయపడొద్దు. హోరు తగ్గుతుంది, రాత్రి పడుకునేటప్పుడు చెవిలో గుయ్‌మనదు.

ఎక్కడ నిలబడాలంటే, అందరూ స్టేజీ ముందుకు ఎగబడతారు. ముఖాలు చూడాలంటే అదే చోటు. పాట వినాలంటే మాత్రం వెనక్కి రండి, సౌండ్ ఇంజినీర్ కన్సోల్ పెట్టుకొని కూర్చునే చోటు ఉంటుంది, దాని ముందు నిలబడండి. అతను తన చెవికి వినబడేదాన్ని బట్టే అన్నీ కలుపుతాడు, కాబట్టి అతని దగ్గర వయొలిన్ వయొలిన్‌లా, మృదంగం మృదంగంలా విడివిడిగా వినబడతాయి. మేం మొదటి మూడు పాటలు ముందు చూసి, తర్వాత అక్కడికి వచ్చేస్తాం. ఒక పాట మాత్రమే వీడియో తీసుకోండి, మిగతావి కళ్లతో చూడండి.

వచ్చేటప్పుడు రెండు దారులు. ఒకటి, ఉప్పల్ దాకా వచ్చి హన్మకొండ బస్సు పట్టుకోవడం, రాత్రి ఆలస్యంగా కూడా దొరుకుతాయి, కానీ ఆ రోజు చివరి సర్వీసులు ఎప్పుడో పోయేటప్పుడే బస్టాండ్‌లో అడిగి రాసుకోండి. రెండు, తార్నాకలోనో అమీర్‌పేటలోనో చదువుకునే దోస్తు రూమ్‌లో పడుకొని తెల్లారి రావడం. తెల్లవారుజామున సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం వందే భారత్ ఉంది, వరంగల్‌లో ఆగుతుంది, వారంలో ఒక రోజు మాత్రం నడవదు, ఖరీదు కూడా ఎక్కువే. ఏ దారైనా బయలుదేరగానే ఇంటికి ఒక మెసేజ్ పెట్టండి, అమ్మానాన్న నిద్రపోకుండా చూస్తుంటారు.

బస్సులో, రైల్లో అందరూ ఒకేసారి పడుకోవద్దు. రెండు గంటలు నిలబడి ఎగిరిన ఒళ్లు, సీటు తగిలితే లేవదు. జనగామ దాటాక ఒకరు మేలుకొని ఉండాలి, ఎవరి వంతో ఎక్కేటప్పుడే చెప్పుకోండి, కాజీపేటలో దిగేవాళ్లను స్టేషన్ ఘన్‌పూర్ రాగానే లేపండి.