ఎండాకాలం ముందు కారు టైర్లలో గాలి: బంకుల దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మార్చి నడిమికి వచ్చిందంటే మన వైపు పెట్రోల్ బంకుల్లో, గాలి మిషను దగ్గర ఒకటే మాట. "ఎండాకాలం గదన్నా, జర తక్కువ కొడ్త. ఎక్కువుంటే పేల్తది." వరంగల్‌లో అడిగినా, పెద్దపల్లిలో అడిగినా, మంచిర్యాలలో అడిగినా ఇదే వినబడుతుంది. చెప్పే పిల్లగాడు మన మంచి కోరే చెబుతాడు. మనమూ సరే అని తల ఊపుతాం. కానీ ఆ మాట తప్పు. ఎండలో టైరు పేలడానికి పెద్ద కారణం గాలి తక్కువ ఉండడమే.

గాలి తక్కువున్న టైరు తిరిగిన ప్రతి చుట్టుకూ పక్కగోడ దగ్గర ఎక్కువగా వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే అది చేతికి వేడిగా తగులుతుంది కదా, రబ్బరులోనూ అదే జరుగుతుంది. లోపల పుట్టే ఆ వేడికి మండిపోతున్న తారు రోడ్డు వేడి, ఐదుగురు మనుషుల బరువు, డిక్కీలో సామాను, వంద స్పీడు తోడైతే పక్కగోడలోని పొరలు విడిపోతాయి. పేలేది అప్పుడు. మన రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. ఆ మధ్యాహ్నాల్లో తారు 60 డిగ్రీల దాకా కాగుతుంది.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు ఇంటిల్లిపాదీ హన్మకొండ నుంచి కాళేశ్వరం బయలుదేరాం. కారులో ఐదుగురం, వెనక సామాను. గాలి సంగతి దారిలో గుర్తొచ్చింది. మొదటి బంకులో మిషను ఖరాబైందన్నారు. రెండో దాంట్లో మిషను ఉంది, కొట్టే మనిషి లేడు. మూడో దాంట్లో పది బండ్ల వెనక నిలబడ్డాం. అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. మా కారుకు కంపెనీ చెప్పింది 33 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని ఈ లెక్కలోనే కొలుస్తారు). మిషను 38 చూపించింది. ఆ అబ్బాయి "బాగెక్కువున్నదన్నా" అని నాలుగు టైర్లలోనూ 30కి దించాడు. నేను అడ్డు చెప్పలేదు. అది నా తప్పు.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున చూస్తే ఎడమ వెనక టైరు నేలకు అతుక్కుని ఉంది. కొలిస్తే మూడు టైర్లలో 26, ఆ ఒక్కదాంట్లో 17. సన్న మేకు దిగి మెల్లగా గాలి పోయింది. పంక్చర్ షాపులో టైరు విప్పితే లోపలి నుంచి నల్లటి రబ్బరు పొడి గుప్పెడు రాలింది. ఆయన వేలితో పక్కగోడ లోపల తడిమి చూపించాడు. "తక్కువ గాలితోని నడిచింది సార్, ఇగ ఇది పనికిరాదు" అన్నాడు. భూపాలపల్లి దాటాక బొగ్గు టిప్పర్ల మధ్య, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుండగా, మేం ఆ టైరు మీదే వచ్చాం. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

38 ఎందుకు చూపించింది, 26 ఎలా అయింది అన్నది అర్థం చేసుకోవాలి. కంపెనీ చెప్పే అంకె చల్లటి టైరుకు. అంటే కారు కనీసం మూడు గంటలు కదలకుండా నీడలో ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడవకూడదు. టైరులోని గాలి 30 డిగ్రీలు వేడెక్కితే 33 ఉన్నది దాదాపు 38 అవుతుంది. అది సహజం. ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే కంపెనీ 33 అని రాసింది. వేడి మీదున్న 38ని 30కి దించితే, చల్లారాక మిగిలేది 26. బంకులో మాకు తీసేసింది పేలే గాలి కాదు, ఉండాల్సిన గాలి.

అందుకే మొదటి జాగ్రత్త: వేడి టైరులో గాలి ఎప్పుడూ తీయించొద్దు. ఎవరెంత చెప్పినా సరే. "వద్దు తమ్మీ, పొద్దున చూసుకుంట" అంటే చాలు.

రెండోది, మీ కారు అంకె మీకు నోటికి రావాలి. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. కొన్ని కార్లకు పెట్రోల్ మూత లోపలివైపు ఉంటుంది. అందులో రెండు వరుసలు చూడండి. ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఒక అంకె, నిండుగా ఎక్కి సామాను వేస్తే ఇంకో అంకె. వెనక టైర్లకు చాలాసార్లు ఎక్కువ చెబుతారు. మేడారం జాతరకు పోయినా, పెండ్లికి పోయినా, సెలవుల్లో పిల్లలతో పోయినా మనం వాడాల్సింది ఆ రెండో వరుస. టైరు పక్కన అచ్చు పోసి ఉండే ఎక్కువ పీఎస్ఐ అంకెను చూసి కొట్టించకండి. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ కారుకు కావలసింది కాదు. స్టిక్కరును ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే బంకులో "ఎంత పెట్టాలె?" అని అడిగినప్పుడు తడుముకోవాల్సిన పని ఉండదు.

మూడోది, సొంత గేజు, అంటే గాలి ఎంతుందో కొలిచే చిన్న పరికరం. నా మాటగా ఒక్కటే వస్తువు కొనమంటే ఇదే కొనమంటాను. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, డ్యాష్‌బోర్డు అరలో పడుంటుంది. బంకు మిషన్లు రోజుకు వందల సార్లు వాడబడతాయి. పైపు నేలకు కొట్టుకుంటుంది, ముల్లు వంగిపోతుంది, అద్దం పగిలిపోతుంది. రెండు బంకుల్లో ఒకే టైరుకు మూడు నాలుగు తేడా చూపించడం నేను చూశాను. మన గేజు ఒకటి ఉంటే పొద్దున ఇంటి ముందే కొలిచి ఏ టైరుకు ఎంత తక్కువో రాసుకుని బంకుకు పోవచ్చు. ఉదాహరణకు వెనక కుడి టైరులో 29 ఉంది, 33 కావాలి. నాలుగు తక్కువ. బంకు చేరేసరికి టైరు వేడెక్కి అక్కడి మిషను 32 చూపిస్తుందనుకోండి, దాన్ని 36 చేయమని చెప్పండి. ఆ నాలుగు కలిస్తే చాలు. మిషను తప్పు చూపినా తేడా మాత్రం దాదాపు సరిగ్గానే వస్తుంది.

ఇంట్లో కొలిచే వీలు లేకుండా దారిలోనే కొట్టించాల్సి వస్తే, స్టిక్కరు అంకెకు మూడు నాలుగు కలిపి పెట్టించండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు చూసి సరిచేసుకోండి. వేడి టైరులోనే స్టిక్కరు అంకె కన్నా బాగా తక్కువ చూపిస్తే మాత్రం అక్కడే ఆగి ఎక్కడ కారుతుందో చూడాలి. ముందుకు పోవద్దు.

బంకు దగ్గర చూసుకోవాల్సినవి

పొద్దున ఏడులోపు వెళ్లండి. టైరు చల్లగా ఉంటుంది, క్యూ ఉండదు, కొట్టే మనిషికీ ఓపిక ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలకు బైకులన్నీ వరుస కట్టినప్పుడు వెళ్తే మన టైరుకు అర నిమిషం కూడా దొరకదు.

డిజిటల్ మిషనైతే కారు దిగి అంకె చూడండి. మన ముందు ఎవరికి కొట్టారో ఆ అంకె అలాగే ఉండిపోతుంది. బైకు కోసం పెట్టిన 28 మన కారుకు ఎక్కిన సంగతి నాకు తెలుసు. పైపు సరిగ్గా అతకకుండా బుస్సుమంటూ ఉంటే మిషను చెప్పే లెక్క నమ్మకండి. తీసి మళ్లీ పెట్టమనండి. మనం కారులో కూర్చుని కిటికీలోంచి "అయిందా?" అని అడిగితే వాళ్లు అయిందనే అంటారు. పక్కన నిలబడితే పని వేరుగా ఉంటుంది.

పైపు అవతలి వైపు అందకపోతే రెండు టైర్లతో సరిపెట్టుకుని రావద్దు. కారు తిప్పి మళ్లీ పెట్టండి. వెనక హారన్లు కొడతారు, కొట్టనివ్వండి. ఒకవైపు 33, ఒకవైపు 27 ఉన్న కారు గట్టిగా బ్రేకు వేస్తే పక్కకు లాగుతుంది.

కొట్టడం అయ్యాక వాల్వ్ మీద కాస్త ఉమ్మి తడి పెట్టి చూడడం మన పాత పద్ధతి. నీళ్ల సీసా ఉంటే నీళ్లు పోసినా సరే. బుడగ వస్తే లోపలి పిన్ను సరిగ్గా కూర్చోలేదని అర్థం. మూతలు నాలుగూ లెక్క పెట్టి బిగించండి. మూత లేని వాల్వ్‌లోకి మన బొగ్గు రోడ్ల దుమ్ము, క్వారీల దగ్గరి రాతిపొడి చేరితే నెల తిరిగేసరికి సన్నగా కారడం మొదలవుతుంది.

ఇక డబ్బుల సంగతి. బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలన్నది ఆయిల్ కంపెనీలు తమ డీలర్లకు పెట్టిన నియమం. తాగే నీళ్లు, టాయిలెట్ల లాంటిదే ఇదీ. పెట్రోల్ పోయించుకుంటేనే గాలి అనడానికి లేదు. కొట్టిన అబ్బాయికి ఎండలో నిలబడ్డందుకు మనం ఇష్టంగా పదో ఇరవయ్యో ఇస్తే అది మంచి మాట. ఇవ్వకపోతే గాలి లేదనడం మాత్రం తప్పు. మిషను నెలల తరబడి ఖరాబై ఉంటే ఊరికే తిట్టుకుని వెళ్లిపోకండి. ప్రతి బంకులో ఫిర్యాదు పుస్తకం ఉంటుంది, అడిగి తీసుకుని రాయండి. బోర్డు మీద కంపెనీ అధికారి నంబరు ఉంటుంది, ఫోన్ చేయండి. మేనేజరుతో మర్యాదగానే మాట్లాడండి, కానీ మాట్లాడండి. అందరం ఊరుకుంటే ఆ మిషను ఖరాబుగానే ఉండిపోతుంది, మన వెనక వచ్చే కారులో ఉన్నదీ ఎవరో ఒకరి పిల్లలే.

ఇంత తిరగలేం అనుకునేవాళ్లకు కారు సిగరెట్ సాకెట్‌కు పెట్టుకునే చిన్న ఎయిర్ పంపు ఉంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి వాడాలి. టైరుకు కొన్ని నిమిషాలు పడుతుంది. రెండు టైర్లు అయ్యాక పంపును చల్లారనివ్వండి, ఆపకుండా నడిపితే మోటారు కాలుతుంది. పల్లెల్లో ఉండేవాళ్లకు, రాత్రిపూట ఏటూరునాగారం, తాడ్వాయి అడవి దారుల్లో తిరిగేవాళ్లకు ఇది పెట్టిన డబ్బుకు తగ్గ వస్తువు.

నైట్రోజన్ కొట్టిస్తే ఎండకు పెరగదంటారు. పెరుగుతుంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. నైట్రోజన్ కాస్త మెల్లగా తగ్గుతుంది, అంతే. అది దొరికే దాకా తక్కువ గాలితో తిరగడం కన్నా మామూలు గాలి కలిపేయడమే మంచిది. కలిస్తే ఏమీ కాదు.

బయలుదేరే ముందు టైరునూ చూడండి

గాలి ఎంత సరిగ్గా ఉన్నా టైరు ముసలిదైతే లాభం లేదు. టైరు పక్కన డీఓటీ (DOT) అని ఉన్నచోట చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఐదేళ్లు దాటితే ఏటా ఎండాకాలం ముందు షాపులో చూపించండి. పక్కగోడ మీద సన్న పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే ఇక ఆలోచించకుండా మార్చండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దగ్గర చిన్న దిమ్మె ఉంటుంది. టైరు అరిగి దానితో సమానమైతే గుండైనట్టే.

స్టెప్నీని మనం ఏడాదికోసారి కూడా ముట్టుకోం. సామాను సర్దకముందే దాంట్లో గాలి చూడండి. సన్నటి స్టెప్నీ ఇచ్చిన కార్లలో దానికి అంకె వేరుగా ఉంటుంది, కొన్నిటికి 60 పీఎస్ఐ దాకా. దాని మీద 80 స్పీడు దాటొద్దని కూడా రాసి ఉంటుంది. మొదటి పంక్చర్ షాపు దాకా పోవడానికే అది.

దారిలో ఆగినప్పుడు టైరు మీద చేయి పెట్టి చూడండి. నాలుగింటిలో ఒకటి మిగతావాటి కన్నా ఎక్కువగా కాలుతుంటే దాంట్లో గాలి పోతోందని అనుమానించాలి. చల్లారాలని నీళ్లు మాత్రం పోయకండి. నీడలో అరగంట ఆపండి, తర్వాత కొలవండి.

ఇన్ని చేసినా టైరు పేలితే, మొదట కాలు బ్రేకు మీదికే పోతుంది. పోనివ్వొద్దు. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టి కారును తిన్నగా ఉంచండి. యాక్సిలరేటరు మెల్లగా వదలండి. స్పీడు దానంతట అది తగ్గాక ఎడమకు తీసి ఆపండి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేయండి, ఎర్ర త్రికోణాన్ని వెనక దూరంగా పెట్టండి. పిల్లల్నీ పెద్దల్నీ ఎడమవైపు డోర్లలోంచి దింపి రోడ్డుకు దూరంగా చెట్టు నీడకు పంపండి. టిప్పర్లు తిరిగే రోడ్డయితే టైరు మార్చే పని మొదలుపెట్టకముందే ఒకరిని వెనక నిలబెట్టి తువ్వాలు ఊపమనండి.