పాత షెవీ బ్లాక్‌ని పోత నంబర్‌తో గుర్తుపట్టడం: నా అనుభవం

టెక్సాస్‌లో నా 1970 షెవర్లే సి10 పికప్ ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లు ఉండే ప్రధాన భాగం) పగిలింది. బదులు పాతది ఒకటి వెతికాను. పాత సామాను అమ్మేవాళ్లందరిదీ ఒకటే మాట, "350 బ్లాకే" (350 అంటే క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సామర్థ్యం). బయటికి చిన్నదైన 305 కూడా అచ్చం అలాగే ఉంటుంది, ఇక నమ్మేదెలా? బ్లాక్‌ని పోత పోసేటప్పుడే దాని మీద వచ్చే పోత నంబర్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద, డ్రైవర్ వైపు ఉబ్బెత్తుగా ఉంటుంది. వైర్ బ్రష్‌తో జిడ్డు గీకి సుద్దముక్క రుద్దాను. 3970010 అని తేలింది. హమ్మయ్య, 305 కాదు.

అవతలి వైపు సి 14 0 అని పోత తేదీ: సి మూడో అక్షరం కాబట్టి మార్చి, తేదీ 14, ఏడాది చివరి అంకె సున్నా.

పిస్టన్ సైజు మాత్రం పోత నంబర్ చెప్పదు. 350 సిలిండర్ అసలు వ్యాసం 4 అంగుళాలు. కొలిస్తే 4.030 వచ్చింది, అంటే ఎవరో ఇప్పటికే బోరింగ్ చేయించారు, సిలిండర్లను లోపల తొలిచి వెడల్పు చేయించారన్నమాట. బేరమాడి ధర తగ్గించి, ఆ సైజు పిస్టన్లే తెప్పించాను.