గుండె నొప్పి, ఇంట్లో మనం: 3వ పాఠం – మొదటి ఐదు నిమిషాలు

గత పాఠంలో కారణం చూశాం. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం మెట్లెక్కేటప్పుడు చాలదు. ఆ కొరత వల్ల వచ్చే నొప్పే యాంజైనా.

ఈసారి ముందుగా గుర్తుపట్టడం. మా మేనమామ రెండో అంతస్తు మలుపులో ఆగి, పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెట్టుకునేవారు. "గ్యాస్ పట్టేసిందిరా" అని మెట్టు మీద కూర్చుని సోడా తెప్పించుకునేవారు. రెండు గుక్కలు తాగేసరికి తగ్గేది. తగ్గించింది సోడా కాదు, కూర్చోవడం. అది తెలియక ఏడాది పోగొట్టుకున్నాం. నడిస్తే వచ్చి, ఆగితే కొద్ది నిమిషాల్లో పోయే బరువును దయచేసి గ్యాస్ అనుకోకండి. అది దవడకో, ఎడమ చేతికో పాకవచ్చు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఒక్కోసారి నొప్పే ఉండదు, ఆయాసం, నీరసం మాత్రమే ఉంటాయి.

ఇక మాత్ర. సార్బిట్రేట్ అంటే గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర. డాక్టర్ మీకు రాసిచ్చి ఉంటేనే వేసుకోవాలి. పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోకండి, బీపీ తక్కువగా ఉన్నవాళ్లకు ప్రమాదం. నొప్పి మొదలవగానే పని ఆపి కూర్చోండి. నిలబడి వేసుకుంటే కళ్లు తిరిగి పడిపోవచ్చు. నాలుక కింద పెట్టి కరగనివ్వండి. మింగితే చాలా మందు లివర్‌లోనే ఖర్చయిపోతుంది, గుండెకు ఆలస్యంగా అందుతుంది. రక్తనాళాలు వదులై గుండె మీద భారం తగ్గుతుంది. తలనొప్పి వస్తే కంగారు పడకండి, అది మామూలే. మగవాళ్లు అంగస్తంభన కోసం వాడే మందుల్లో సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు దాటకపోతే ఈ మాత్ర ముట్టుకోకూడదు. ఈ సంగతి అంబులెన్స్ వాళ్లకు సిగ్గుపడకుండా చెప్పండి.

మాత్ర పెట్టిన క్షణం నుంచి గడియారం చూడండి. ఐదు నిమిషాలకు తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. కదలకుండా కూర్చున్నప్పుడే నొప్పి వచ్చినా, చల్లని చెమటలు పట్టినా, ఇలాంటి నొప్పి మొదటిసారే అయినా, ఆ ఐదు నిమిషాలు కూడా ఆగవద్దు. బైక్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లకండి.

సిగరెట్, బీపీ, కొలెస్ట్రాల్ మందుల గురించి 4వ పాఠంలో. అప్పటిలోగా ఒక పని: ఇంట్లో ఉన్న మాత్రల మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. ఏ మెట్టు దగ్గర, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు నొప్పి ఉందో నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌కు చూపించండి.