సింగిల్ మాల్ట్ రుచి పాఠాలు – 5: షెర్రీ పీపాలో పాతికేళ్లు

సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో (విస్కీ కాచే చోట) మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ. అమెరికా విస్కీ అయిన బోర్బన్ ఉంచిన పీపాలో నిల్వ చేసిన మాల్ట్‌లో వెనిల్లా, కొబ్బరి వాసనలు పట్టుకోవడం పోయిన పాఠంలో సాధన చేశాం. ఈసారి షెర్రీ అనే ద్రాక్ష మద్యం ఉంచిన పీపా. దీని ప్రభావం ఎంత బలమైనదంటే, ఒక్కోసారి లోపలి మాల్ట్‌ను పూర్తిగా కప్పేస్తుంది. పీపా ఇచ్చినదేదో, డిస్టిలరీ ఇచ్చినదేదో విడదీసి చెప్పగలగాలి. ఈ పాఠంలో పని అదే.

సాధనకు గ్లెన్‌ఫార్‌క్లాస్ 15, 25 ఏళ్ల సీసాలు తీసుకుందాం. స్కాట్లండ్‌లోని స్పేసైడ్ ప్రాంతపు ఈ డిస్టిలరీ 1865 నుంచి గ్రాంట్ కుటుంబం చేతిలోనే ఉంది. 25 ఖరీదైనది కాబట్టి నలుగురు కలిసి కొనుక్కోవడం మేలు. అదీ కుదరకపోతే 10, 15 పెట్టుకోండి, పాఠం చెడదు. సీసా మీది వయసు అందులో కలిసినవాటిలో అన్నిటికంటే తక్కువ ఏళ్ల విస్కీది. స్కాట్లండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. పాతికేళ్లలో ఐదింట రెండు వంతులు గాలిలో కలిసినట్టే. ధరకు అదొక కారణం.

షెర్రీ స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతపు ద్రాక్ష మద్యం. ఒకప్పుడు అది పీపాల్లోనే బ్రిటన్‌కు వచ్చేది; ఖాళీ పీపాలు విస్కీవాళ్లకు చవగ్గా దొరికేవి. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నియమంతో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు చాలావరకు పీపాలను విస్కీ కోసమే చేయించి, ఏడాదో రెండేళ్లో ఒలొరోసో అనే ముదురు రంగు షెర్రీతో నానబెట్టి స్కాట్లండ్‌కు పంపుతున్నారు. అందుకే షెర్రీ రుచి అని మనం మెచ్చుకునే లవంగం ఘాటు, వగరు చాలావరకు ఐరోపా ఓక్ చెక్కవే.

ఇక గ్లాసుల దగ్గరికి. మూతి సన్నగా ఉన్న రెండు గ్లాసుల్లో 20 మిల్లీలీటర్ల చొప్పున పోసి పావుగంట వదిలేయండి. రంగు చూసి మురిసిపోవద్దు. గ్లెన్‌ఫార్‌క్లాస్ రంగు కలపదు కానీ, స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది.

నోరు కొద్దిగా తెరిచి, ముక్కును గ్లాసు అంచు దగ్గరే ఉంచి వాసన చూడండి. ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్క ముందుగా తగులుతాయి. ఇవి పీపా వాటా; కాగితం మీద ఎడమ వైపు రాయండి. రెండు నిమిషాలాగి మళ్లీ చూడండి. ఈసారి పళ్లను పక్కన పెట్టి, వేయించిన బార్లీ, తేనె కోసం వెతకండి. దొరికితే కుడి వైపు రాయండి. 15లో ఇవి తేలికగా దొరకాలి, 25లో ఓపిక కావాలి. అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన వస్తే అది గంధకం. పీపా చెడకుండా లోపల గంధకం పొగ పెట్టే అలవాటు నుంచి వస్తుంది. పిసరంత ఉంటే నాకు ఇష్టమే. ఉడికిన క్యాబేజీలా ఉంటే మాత్రం దోషం.

చిన్న గుక్క తీసుకుని పది సెకన్లు నోట్లో తిప్పి మింగండి. అసలు పరీక్ష ఆ తర్వాతే. తీపి తగ్గాక చిగుళ్ల మీద కరక్కాయ నమిలినట్టు వగరు పరుచుకుంటుంది. పళ్ల రుచి దానితో పాటు నిలిస్తే ఆ వయసు విస్కీకి మేలు చేసింది. వగరొక్కటే మిగిలితే చెక్క గెలిచింది, విస్కీ ఓడింది. ఎక్కువ ఏళ్లంటే ఎక్కువ రుచి అనే లెక్క నేను ఒప్పుకోను. మామూలు సాయంత్రానికి నాకు 15 చాలు.

నీళ్లు చుక్కల్లోనే కలపండి. 15 బలం (ఆల్కహాల్ పాలు) 46 శాతం, కాస్త తట్టుకుంటుంది. 25 బలం 43 శాతమే; రెండు మూడు చుక్కలు దాటితే పలచబడి, చెక్క రుచి పైకి తేలుతుంది.

ఇంటి పని: గ్లాసులను ఎవరితోనైనా తారుమారు చేయించి, కళ్లు మూసుకుని, వగరును బట్టే ఏది ఏదో చెప్పండి. వచ్చే పాఠంలో స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపపు పీట్ (బొగ్గులా కాల్చే చిత్తడి నేల మట్టి) పొగ. దానికి 10 ఏళ్ల లఫ్రోయెగ్ సరిపోతుంది.