చెయ్యెత్తే పిల్లాడు ఓపీకి వస్తే

ఇంట్లో కొట్టే, వస్తువులు విసిరే పిల్లాడు మానసిక వైద్యం ఓపీకి వస్తే, చూసే మీరు మొదటి రోజే వాడికి క్లాసు పీకకండి. తిరుపతిలో మా దగ్గరికి చాలామంది వాళ్లమ్మ లాక్కొస్తేనే వస్తారు, కాబట్టి ముందు పది నిమిషాలు వాడితో విడిగా, ఊరికే మాట్లాడండి. నిద్ర, చదువు, గంజాయి, ఇంట్లో దెబ్బలు, చచ్చిపోవాలన్న ఆలోచన అన్నీ మెల్లగా అడగాలి. డిప్రెషన్ కూడా బయటికి కోపంలా కనబడొచ్చు.

అసలు పని అమ్మానాన్నలతోనే. గొడవకి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే మీరేం చేశారు, ఈ మూడూ వారం పాటు నోట్‌బుక్‌లో రాయించండి. ఒకమ్మ రాసింది చూస్తే, ఫోన్ లాక్కున్న ప్రతిసారీ పళ్లెం విసిరాడు, పళ్లెం కింద పడగానే ఫోన్ మళ్లీ వాడి చేతికొచ్చింది. విసిరితే వస్తుందని ఇంట్లోనే నేర్చుకున్నాడు పాపం! ఫోన్ తీసుకుంటామని ఐదు నిమిషాల ముందే చెప్పడం, ఇచ్చేస్తే వెంటనే "అడగ్గానే ఇచ్చేసినావు, బాగుంది నాయనా" అనడం, ఇవి ఓపీ గదిలోనే అమ్మానాన్నలచేత చేయించండి, ఊరికే మాటల్లో చెబితే ఇంటికెళ్లేసరికి మరిచిపోతారు. విసిరినా ఫోన్ ఇవ్వకపోతే మొదట్లో గొడవ పెరగొచ్చని కూడా ముందే చెప్పాలి, లేకపోతే రెండో వారానికే మానేస్తారు.

పిల్లాడికేమో పిడికిలి బిగుసుకోగానే గుర్తుపట్టి బయటికి నడవడం నేర్పండి.

కత్తి పట్టుకుంటే మాత్రం ఓపీ దాకా ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. రాత్రిపూట టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు.