మైమరువు తొడుక్కున్నా గుండెకే దెబ్బ తగులుతుంటే: సమస్య - పరిష్కారం

ప్రార్థన మానలేదు, ఆదివారం ఆరాధన మానలేదు. అయినా అదే శోధనలో (పాపానికి లాగే ఆకర్షణలో) మళ్లీ పడుతున్నారు. పడ్డాక "అసలు నేను రక్షణ పొందానా?" అనే సందేహం పట్టుకుంటోంది. ఎఫెసీ పత్రిక 6:14లో పౌలు చెప్పిన "నీతియను మైమరువు" (సైనికుడు ఛాతీకి తొడుక్కునే కవచం లాంటిది) మన దగ్గరకొచ్చేసరికి ఎందుకు పనిచెయ్యట్లేదని అడిగేవాళ్ల కోసం ఇది. రోజూ వాక్యం చదవండి, రాత్రిపూట ఫోన్ దూరంగా పెట్టండి లాంటివి ఇక్కడ చెప్పను. అవి మీకు తెలుసు.

పడేది ఎప్పుడూ ఒకే చోట అయితే

తెలిసి దాచిపెట్టింది ఏదో ఉంది. ముందు అది చూసుకోండి. దయచేసి ముందు అదే చూసుకోండి. ఇది వదిలేసి నేరుగా 21 రోజుల ఉపవాసంలోకి దూకేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

పౌలు చెప్పిన కవచం వరుసలో నడుముకు కట్టుకునే సత్యమనే దట్టి ముందు వస్తుంది, మైమరువు తర్వాత. అదే పత్రికలో 4వ అధ్యాయం 25 నుంచి 28 వరకు చదవండి. అబద్ధం మానండి, పొద్దు గుంకేలోపు కోపం వదిలెయ్యండి, దొంగతనం చేసేవాడు ఇక చెయ్యకూడదు అంటాడు. "అపవాదికి (సాతానుకు) చోటియ్యకుడి" అనే మాట ఆ మధ్యలోనే ఉంది. అంటే ఆ చోటు ఎక్కడో ఆకాశమండలంలో లేదు. ఎగ్గొట్టిన చీటీ డబ్బుల్లో ఉంది, గట్టు తగాదా తర్వాత అన్నదమ్ముల మధ్య ఆగిపోయిన మాటల్లో ఉంది, ఇంట్లోవాళ్లకు తెలియకుండా నడుస్తున్న చాటింగ్‌లో ఉంది.

పరిష్కారం చిన్నదే, చెయ్యడానికే మనసొప్పదు. డబ్బు తిరిగి ఇవ్వండి. ఫోన్ తీసి "అన్నా, ఆ రోజు నేనన్న మాట తప్పు" అనండి. ఆ చాటింగ్ ఆపేసి, మీరు నమ్మే ఒక పెద్దాయనకో అక్కకో పేరుపెట్టి చెప్పండి. "ప్రభువా, నా లోపాలన్నీ క్షమించు" అనే గంపగుత్త ప్రార్థన ఇక్కడ చాలదు.

పడ్డాక దేవుని దగ్గరికి రాలేకపోతుంటే

అసలు ఇబ్బంది పెట్టే కారణం ఇది. పైకి భక్తిలాగే కనిపిస్తుంది కాబట్టి దొరకదు.

నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉన్న రోజున, సంఘంలో గమనించండి. వెనక బెంచీలో కూర్చున్న తమ్ముడు బల్ల దగ్గర ప్రార్థన మొదలవగానే చెప్పులేసుకుని బయటికి జారుకుంటాడు. అడిగితే "ఈ వారం నేను సరిగా లేను అన్నా, వచ్చే నెల తీసుకుంటాలే" అంటాడు. మంచి వారమైతే అతనే ముందు వరుసలో కూర్చుంటాడు, గట్టిగా స్తోత్రం చెబుతాడు. రెండు సందర్భాల్లోనూ అతను తొడుక్కున్నది తన నీతినే. గడిచిన వారం రికార్డే అతని మైమరువు. బాగున్న రోజుల్లో దానివల్ల గర్వం వస్తుంది, పడిన రోజున అది చిరిగిపోతుంది. చిరిగిన చోటే అపవాది గురిపెడతాడు.

మీకూ ఇదే జబ్బు ఉందా అని తెలుసుకోవాలంటే చెడ్డ వారాన్ని కాదు, మంచి వారాన్ని పరీక్షించండి. ధైర్యంగా ప్రార్థించగలిగిన రోజున "ఈ ధైర్యం ఎక్కడిది?" అని అడగండి. "ఈ వారం ఏ తప్పూ చెయ్యలేదు కదా" అని లోపల్నుంచి జవాబొస్తే దొరికినట్టే.

ఇంకో గుర్తు. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు తప్పును పేరుపెట్టి చూపిస్తాడు, దిద్దుకునే దారి కూడా చూపిస్తాడు. నేరం మోపేవాడికి, అంటే అపవాదికి, తప్పుతో పనిలేదు. "నువ్వింతే, నీ బతుకింతే" అని మనిషినే కొట్టిపారేస్తాడు. ఆ మాట విన్నాక ప్రార్థనకు లేవబుద్ధి కాకపోతే అది ఎవరి గొంతో అర్థం చేసుకోండి.

దీనికి నేను ప్రతిసారీ తెరిచేది జెకర్యా 3వ అధ్యాయం. ప్రధానయాజకుడైన యెహోషువ దేవదూత ముందు నిలబడ్డాడు. నేరం మోపడానికి సాతాను కుడిపక్కనే ఉన్నాడు. యెహోషువ ఒంటిమీద బట్టలు నిజంగానే మురికివి, అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ అధ్యాయమంతా వెతకండి, యెహోషువ తన తరపున ఒక్క మాట మాట్లాడలేదు. సాతానును గద్దించింది యెహోవా. మురికి బట్టలు తీయించి, ప్రశస్త వస్త్రాలు తొడిగించి, తలమీద తెల్లని పాగా పెట్టించారు. "నా మార్గములలో నడుచు" అనే మాట ఆ తర్వాత, 7వ వచనంలో వస్తుంది. మనవాళ్లు ఈ వరుసే తిరగేస్తారు: ముందు బాగా నడుస్తాం, తర్వాత బట్టలు ఇవ్వు ప్రభువా అని.

యేసు ప్రభువు శోధనలోనూ ఇదే చూడండి. అప్పటికి 40 రోజుల ఉపవాసం పూర్తయింది. "నీవు దేవుని కుమారుడవైతే" అని సందేహం పెట్టినప్పుడు ఆ ఉపవాసాన్ని ఆయన రుజువుగా చూపించలేదు. "అని వ్రాయబడియున్నది" అన్నాడు, అంతే.

కాబట్టి పడిన గంటలోనే రండి. నాలుగు రోజులు బుద్ధిగా ఉండి ముఖం కడుక్కుని వద్దామనుకోకండి. తప్పు పేరు చెప్పి ఒప్పుకోండి, 1 యోహాను 1:9 చదవండి, నా నీతి కాదు, క్రీస్తునందలి విశ్వాసంవల్ల వచ్చే నీతి అని చెప్పే ఫిలిప్పీ 3:9 పైకి వినపడేలా చదవండి. నేరం మోపే గొంతు మళ్లీ వస్తే "అవును, చేశాను. నేను నిలబడింది నా నీతిమీద కాదు" అని జవాబివ్వండి. వాదన పెంచుకోకండి. తర్వాత లేచి, దిద్దుకోవాల్సింది దిద్దుకోండి. అలా అని పాపం చేసినా ఫరవాలేదు అనుకునేవాళ్లు రోమా 6వ అధ్యాయానికి వెళ్లండి, మీ మందు అక్కడుంది.

బల్ల సంగతి కూడా చెప్పాలి. 1 కొరింథీ 11:28లో తనను తాను పరీక్షించుకోవాలి అన్నదాకా అందరికీ నోటికొచ్చు. ఆ వచనం అక్కడ ఆగదు. పరీక్షించుకుని ఆ రొట్టె తినాలి, ఆ పాత్రలోది తాగాలి అంటుంది. పరీక్షించుకుని చెప్పులేసుకోమని లేదు.

అరుదైనవి

పూర్వీకుల శాపం, చేతబడి, ఇంటి వాస్తు అని ఎవరైనా అంటే వినకండి, డబ్బు అడిగితే అసలు వినకండి. నిద్ర, తిండి లేక సందేహాలు ముసురుతుంటే 1 రాజులు 19 చూడండి: చచ్చిపోతానన్న ఏలీయాకు దూత ముందు రొట్టె పెట్టాడు, పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ పెట్టాడు. ఒకే పాపాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకుంటున్నా మనసు కుదుటపడకపోయినా, వారాల తరబడి దేనిమీదా ఆశ లేకపోయినా పాస్టర్ గారితో పాటు మానసిక వైద్యుణ్ని కూడా కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు. ఈ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.