పాత డెస్క్‌టాప్‌ను బాగు చేయించాలా, కొత్తది కొనాలా? ఎలా తేల్చుకోవాలి

భీమవరంలో చేపల మేత దుకాణం, మండపేటలో రైస్ మిల్లు ఆఫీసు, అమలాపురంలో డీటీపీ సెంటరు, ఎక్కడ చూసినా బల్ల కింద ఎనిమిదేళ్లో పదేళ్లో దాటిన సీపీయూ ఒకటి కనిపిస్తుంది. ఉదయం స్విచ్ వేసిన పది నిమిషాలకు గానీ అది పనికి రాదు. దుకాణానికి తీసుకెళితే ఒకరు ‘ర్యామ్ వేయించండి’ అంటారు, మరొకరు ‘దీనికి కాలం చెల్లింది, కొత్తది తీసుకోండి’ అంటారు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. ఎవరి మాట వినాలో తేల్చుకోవడానికి మీకు కావలసింది ఒక పూట సమయం, ఒక స్క్రూడ్రైవర్.

ఈ పని అంతటికీ నేను నమ్మే సూత్రం ఒకటే. రేపు కొనబోయే యంత్రంలోకి వెంట తీసుకెళ్లగలిగే భాగం మీద డబ్బు పెట్టండి. పాత మదర్‌బోర్డుతోపాటే పోయే భాగం మీద పెట్టకండి. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కుకు బదులు వేసే, వేగంగా పని చేసే డిస్కు), మానిటర్, యూపీఎస్ మొదటి రకం. పాత ప్రాసెసర్, డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ రెండో రకం.

ముందు మీ డేటా

పెట్టె విప్పడానికి ముందే లెక్కల ఫైళ్లు, ఫొటోలు, ఖాతాదారుల వివరాలు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. ‘తర్వాత చూద్దాం’ అనుకునే పని కాదిది. పాత హార్డ్ డిస్కు చెప్పి పాడవదు.

ఎక్కడ ఆగుతోందో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి ఉంచి, మీరు రోజూ చేసే పనే చేయండి. బిల్లు కొట్టండి, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరవండి, ఫొటో ఎడిట్ చేయండి.

డిస్క్ గీత వంద శాతం దగ్గరే నిలబడితే తప్పు హార్డ్ డిస్కుది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లెం మీద చిన్న చిన్న ఫైళ్లను వెతకడం నెమ్మదిగా సాగుతుంది. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి ఆ వెతుకులాట ఉండదు. మెమరీ తొంభై శాతం దాటి అక్కడే ఉంటే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీతో నేటి బ్రౌజర్ నడవడం కష్టం. ఆఫీసు పనికి 8 జీబీ సరిపోతుంది, ఫొటోషాప్ వాడేవారికి 16 ఉండాలి. ఒక సంగతి చూసుకోండి. మీ విండోస్ 32 బిట్‌ది అయితే 4 జీబీకి మించి ఎంత ర్యామ్ వేసినా అక్కరకు రాదు.

డిస్కూ మెమరీ తేలిగ్గా ఉండి సీపీయూ (ఇక్కడ పెట్టె కాదు, ప్రాసెసర్) గీత ఒక్కటే పైకి అంటుకుపోతే ప్రాసెసర్ శక్తి చాలడం లేదు, లేదా వేడికి అది తన వేగం తగ్గించుకుంటోంది. కింద చెప్పినట్టు దుమ్ము దులిపి చూసి, ఈ రెండింటినీ వేరు చేయకుండా కొత్తది కొనకండి.

మన గాలి, మన కరెంటు

గోదావరి డెల్టాలో కంప్యూటర్లు వయసు కంటే ముందు పాడవడానికి తేమ, దుమ్ము, వోల్టేజి ఎగుడుదిగుడులు ప్రధాన కారణాలు. వీటిలో చాలా తప్పులు తక్కువ ఖర్చుతో పోతాయి. అందుకే ఈ భాగాన్ని తొందరపడి దాటవద్దని నా మనవి.

ప్లగ్ పూర్తిగా తీసి పక్క తలుపు విప్పండి. మిల్లుల దగ్గరి ఆఫీసుల్లో ఊక దుమ్ము ప్రాసెసర్ ఫ్యాన్ కింద రెక్కల మధ్య మెత్తలా పేరుకుంటుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. కాసేపు పని చేశాక దానంతట అదే ఆగిపోయే యంత్రంలో ప్రాసెసర్ వేడిని బయటికి చేర్చే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. కొత్త పేస్ట్ రాయించడం చిన్న పని.

వానకాలంలో స్విచ్ వేయగానే బీప్ శబ్దాలు వచ్చి తెర నల్లగా ఉండిపోతే, చాలాసార్లు ర్యామ్ అంచున ఉన్న బంగారు రంగు గీతలకు పట్టిన మసే కారణం. ర్యామ్ తీసి పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ బిగించండి. తేదీ, సమయం రోజూ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. ఆ 3 వోల్టుల బిళ్ల చాలా ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది.

ఇక బోర్డు మీద నిలబడి ఉన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లను చూడండి. వాటి నెత్తి ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా బోర్డు చివరి దశలో ఉందని అర్థం. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలి తగిలే ఊళ్లలో పోర్టుల చుట్టూ పచ్చటి, తెల్లటి బూజులాంటి తుప్పు కూడా కనిపించవచ్చు. అది బోర్డు లోపలికి పాకితే దానికి డబ్బు పెట్టకండి.

పెట్టెను ముట్టుకుంటే జివ్వుమంటోందా? ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఎర్తింగ్ సరిలేని గదిలో కొత్త కంప్యూటర్ పెట్టినా దానికీ మీకూ ప్రమాదమే.

ప్రాసెసర్ తరం ఎంత?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు ఉంటుంది. ఐ5-4590 అని ఉంటే గీత తర్వాతి 4 దాని తరం. ఐ3-10100 అంటే పదో తరం. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ కంపెనీవాటిలో రైజెన్ 2000 వరుస నుంచి విండోస్ 11కు అధికారిక అర్హత దాదాపుగా మొదలవుతుంది. దానితోపాటు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు కూడా కావాలి. ఇవి చాలా బోర్డుల్లో ఉండి కూడా బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగులలో) ఆపేసి ఉంటాయి కనుక, ‘అర్హత లేదు’ అన్న మాట కనిపించగానే ఆశ వదులుకోకండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. అప్‌డేట్లు రాని యంత్రం మీద నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ పనులు చేయడం నాకు ఏమాత్రం నచ్చదు. పిల్లల చదువుకో బ్రౌజింగ్‌కో అయితే అదే పాత పెట్టెలో ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ ఎక్కిస్తే చక్కగా నడుస్తుంది.

కొనే ముందు వెనక పోర్టులు చూడండి

చాలామంది తేలిగ్గా తీసుకునే చోటు ఇదే. వే బ్రిడ్జిలో కాటా ఇండికేటర్ నుంచి బరువు అంకె చాలాచోట్ల తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటర్‌కు వస్తుంది. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇరవై అయిదు పిన్నుల పోర్టు మీద నడుస్తుంది. కొత్త బోర్డుల్లో ఈ రెండూ సాధారణంగా ఉండవు. సీరియల్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ ఎక్కువసార్లు పని చేస్తుంది. ప్రింటర్‌కు యూఎస్‌బీ కేబుల్ ఉన్నా, విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలం నాటి బిల్లింగ్ ప్రోగ్రామ్ దాన్ని గుర్తించకపోవచ్చు. అసలు విండోస్ 11 కేవలం 64 బిట్ కాబట్టి పాత 16 బిట్ ప్రోగ్రాములు అందులో నేరుగా తెరుచుకోవు.

డీటీపీ చేసేవారు తమ పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు కొత్త విండోస్‌లో సరిగా వస్తున్నాయో లేదో మరొకరి కంప్యూటర్‌లో పరీక్షించాకే అడ్వాన్సు ఇవ్వండి. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు ఆగిపోతే ఆ నష్టం కంప్యూటర్ ధరను మించిపోతుంది. అవసరమైతే పాతదాన్ని ఇంటర్నెట్ తీసేసి ఆ ఒక్క పనికే ఉంచుకోవడం మంచి నిర్ణయం.

ఇప్పుడు తేల్చండి

ఎనిమిదో తరం లేదా పైది, బోర్డు శుభ్రంగా ఉంది, హార్డ్ డిస్కు మాత్రం నెమ్మది: ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ చాలకపోతే కలపండి. ఇలాంటి యంత్రాన్ని మార్చేయడం దండగ.

రెండు నుంచి ఏడో తరం, బోర్డు బాగుంది: పాత హార్డ్ డిస్కు తీగలకే తగిలే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఒక్కటి వేసి ఆగండి. పాత బోర్డులో దాని పూర్తి వేగం రాకపోయినా తేడా మీకు మొదటిరోజే తెలుస్తుంది, రేపు కొత్తదానిలోకీ మారుతుంది. మీది డీడీఆర్3 ర్యామ్ అయితే అది తర్వాతి రకమైన డీడీఆర్4 స్లాటులో దిగదు, కాబట్టి దాని మీద పెద్ద మొత్తం పెట్టవద్దు. దొరికితే వాడినదే తక్కువకు తీసుకోండి. డబ్బు లావాదేవీలు జరిగే యంత్రమైతే మార్పుకు సిద్ధపడండి.

బోర్డు పోయింది, లేదా మరమ్మతు అంచనా కొత్త సీపీయూ ధరలో మూడో వంతు దాటింది: కొత్తది కొనండి. మానిటర్, కీబోర్డు, యూపీఎస్ మీవే ఉంచుకుని సీపీయూ వరకే ధర అడగండి. మానిటర్‌కు పాత రకం వీజీఏ పోర్టు ఒక్కటే ఉంటే కన్వర్టర్ కావాలేమో అప్పుడే అడగండి. 2025 చివరి నుంచి ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కనుక, పాత కొటేషన్ పట్టుకుని బడ్జెట్ వేయవద్దు. భీమవరంలో ఒకటి, రాజమహేంద్రవరంలో ఒకటి అడిగి, భాగాల పేర్లతో సహా రాయించుకోండి.

ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ బ్రాండెడ్ పెట్టెలు మంచి బేరమే, ఎనిమిదో తరం తర్వాతివి అయితే. కానీ వాటిలో చాలావాటి ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా), బోర్డు ఆ కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి. పాడైతే మామూలు విడిభాగం సరిపోదు.

పాతదాన్ని ఇచ్చేసేటప్పుడు హార్డ్ డిస్కు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. కొత్తదానిలో అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయని ఒక నెల చూసుకున్నాకే దాన్ని పూర్తిగా తుడిచి వదిలించుకోండి. మిగిలిన పెట్టెను పాత ఇనుము వారికి వేయకుండా, ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి లేదా పాతది తీసుకునే డీలరుకు అప్పగించండి.